మబ్బు ఒప్పుకుంటే యాభై నిమిషాలు

కొండమీది ఊరు,
అచ్చుగది పైన నా వాటా,
అక్టోబరు మొదటివారం.

బొంగరానికి,

మీ నాన్న ఫోన్ చేసి, "నీ మేనకోడలి భుజం మీద నాలుగో గీత పడిందే, ఇక అది కెప్టెన్" అన్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నేను మాత్రం ఏడవలేదు. కిందికి దిగి అచ్చుగదిలో అందరికీ చెప్పాను. కంపోజింగ్ చేసే పెద్దాయనకి ఇంకోసారి చెప్పబోతుంటే, "అమ్మా, పొద్దుట్నించీ వింటూనే ఉన్నాను, కావాలంటే అచ్చేసి గోడకి అంటించండి" అన్నాడు. చిన్నప్పుడు ఒక్క క్షణం కుదురుగా కూర్చునేదానివి కాదని నీకు బొంగరమని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు నీ వెనక డెబ్బైమంది బెల్టులు పెట్టుకుని కుదురుగా కూర్చుంటున్నారు. బాగా పగ తీర్చుకున్నావు.

గర్వం అయిపోయింది. ఇక పేచీ.

మా బస్టాండు ఎదురుగా మీ కంపెనీవాళ్లు పెద్ద బోర్డు పెట్టారు. "రెండు నగరాల మధ్య దూరం ఇక యాభై నిమిషాలే!" ఆ బోర్డు కిందే మంచినీళ్ల కుళాయి ఉంది, అది పనిచేసి ఏడాదైంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. సరే, బోర్డుతో పోయేదైతే ఊరుకునేదాన్ని (ఊరుకోను, కానీ మాటవరసకి). మొన్న రవాణా సంస్థ ఒక నోటీసు అంటించింది. ఇక్కడ పొద్దున బయల్దేరి సాయంత్రానికి మీ రేవు నగరం చేరే డైరెక్టు బస్సుని ఎత్తేస్తారట. ఎందుకయ్యా అంటే, "విమాన సౌకర్యం వలన రెండు నగరాల మధ్య ప్రయాణ సమయం గణనీయంగా తగ్గినందున."

తగ్గిందట! ఎవరికి తగ్గింది? దారి మధ్యలో ఎక్కి పెద్దాసుపత్రికి పోయే ఆ కుంటి టైలరుకి తగ్గిందా? పరీక్షలు రాయడానికి పోయే పిల్లలకి తగ్గిందా? సెలవు దొరక్క ఒక్కరోజు తల్లిని చూసిపోయే నర్సులకి తగ్గిందా? విమానం ఆ ఊళ్ల మీదుగానే పోతుంది, కాదనను. నీడ తప్ప ఇంకేం పడేస్తుంది కిందికి? పదిమందికి దగ్గరైందని చెప్పి వెయ్యిమందికి దూరం చేయడాన్ని వీళ్లు అభివృద్ధి అంటారు. నేను దొంగతనం అంటాను.

జనవరిలో మీ రేవు నగరంలోనే బహిరంగ విచారణ. నేను వాదిస్తాను. నువ్వు లోపలి మనిషివి. ఆ యాభై నిమిషాల బాగోతం ఏమిటో నాకు రాయి.

ఈ ఉత్తరం ఆ బస్సు కండక్టరమ్మ చేతికే ఇస్తున్నాను. ఫోన్లో పోట్లాడితే నీకు సరిగ్గా నేను గెలిచేటప్పుడే సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ జబ్బు లేదు. బస్సు పోతే మన పోట్లాట కూడా పోతుంది, గుర్తుంచుకో.

నీ మేనత్త

*

రేవు నగరం,
పైలట్ల వసతి, మూడో అంతస్తు,
అక్టోబరు.

పేచీ అత్తకి,

నీ ఉత్తరం డీజిల్ వాసనతో చేరింది. "మీ అత్తగారు కవరు అంటిస్తూ కూడా ఎవర్నో తిడుతున్నారండీ" అంది కండక్టరమ్మ. ఎవర్నో కాదు, నన్నే అయ్యుంటుంది అన్నాను.

యాభై నిమిషాల బాగోతం చెబుతాను, విను. చక్రం నేల వదిలిన దగ్గర్నుంచి మళ్లీ నేల తాకేదాకా యాభై నిమిషాలు. ఇంట్లోంచి విమానాశ్రయానికి రావడం, వరసలో నిలబడటం, చెప్పులూ బెల్టూ విప్పి మళ్లీ తొడుక్కోవడం, దిగాక సామాను కోసం పడిగాపులు, మీ కొండదారిలో టాక్సీవాడితో బేరం, ఇవేవీ ఆ లెక్కలోకి రావు. ఇదేం బ్రహ్మరహస్యం కాదు, ఎక్కిన ప్రతివాడికీ తెలుసు. ఇంతకు మించి నన్ను అడగకు. నన్ను నమ్మి విమానం చేతికిచ్చిన చోటు అది. నీ యుద్ధానికి నేను అక్కణ్ణించి రాళ్లు ఏరుకురాలేను.

ఇంకొకటి. పోయిన నెల మీ ఊళ్లో ఒకామె పసిపిల్లని ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. ఇక్కడ ఆపరేషన్ చేసే డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. ఆ తల్లి ధనవంతురాలేం కాదు, వీధివీధంతా తలా ఓ చెయ్యి వేసి టికెట్టు కొనిచ్చారట. నీ డైరెక్టు బస్సులో అయితే ఆ పిల్ల సగం దారి కూడా వచ్చేది కాదు. ఇప్పుడు కోలుకుని ఇంటికెళ్లింది. వెళ్లేటప్పుడు విమానంలో కాదులే, నీ బస్సులోనే వెళ్లింది. అత్తా, బోర్డుని వెక్కిరించు, కంపెనీని వెక్కిరించు. ఆ యాభై నిమిషాలని మాత్రం వెక్కిరించకు. అవి నేను నడిపిన నిమిషాలు.

నువ్వు ఒక్కసారి నా విమానం ఎక్కు. ఊరేగింపుల్లో నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పావు. జెండా కనపడటం లేదని నేను గోల పెడితే మునివేళ్ల మీద నిలబడేదానివి. ఇప్పుడు ఎత్తుకునే వంతు నాది.

బొంగరం

*

కొండమీది ఊరు,
అచ్చుగది,
డిసెంబరు.

బొంగరానికి,

పసిపిల్ల సంగతి ఒప్పుకున్నాను. పాతికేళ్ల కరపత్రాల జీవితంలో ఎదుటివాళ్ల మాట ఒప్పుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి ఎప్పుడో నాకే గుర్తులేదు. కానీ ఒక పిల్ల బతికిందని చెప్పి దారిలో ఉన్న పిల్లలందరి బస్సూ ఎత్తేస్తారా? విమానం ఉండనీ. బస్సు ఎందుకు పోవాలి? ఒకరికి పెట్టాలంటే ఇంకొకరి కంచం లాగాలా?

ఇక అసలు కబురు. పోయిన మంగళవారం ఏం జరిగిందో నీకు తెలిసే ఉంటుంది. రవాణా సంస్థ ఛైర్మన్‌గారు, అదే, మా బస్సు ఎత్తేసే మహానుభావుడు, మా ఊళ్లో సంస్థ కొత్త ఆఫీసు తెరవడానికి వస్తున్నాడు. ఎందులో? బస్సులోనా? శివశివా! విమానంలో. ఇక్కడ దండలు పట్టుకుని ఆఫీసర్లు చలికి వణుకుతూ నిలబడ్డారు. విమానం రొద వినపడింది, మనిషి కనపడలేదు. పొగమంచులో రెండు చుట్లు తిరిగి వచ్చిన దారినే పోయింది. సాయంత్రం మన డైరెక్టు బస్సు మాత్రం దీపాలు వేసుకుని దిగింది. అందులోంచి కోట్లూ టైలూ వేసుకున్నవాళ్లు నడుములు పట్టుకుని దిగుతుంటే బస్టాండంతా ఒకటే నవ్వు. ఛైర్మన్ మాత్రం లేడు. ఆయన ఇంటికి పోయి పడుకున్నాడట.

ఈ అవకాశం వదులుతానా? కరపత్రం వేశాను, ఇందులో పెడుతున్నాను. మొదటి పేరా చదువు:

"యాభై నిమిషాల మొనగాడు కొండ అంచు దాకా వచ్చాడు. చారెడు మబ్బుని చూసి గుండె జారి, తోక ముడిచి పారిపోయాడు. అదే మబ్బులో మన బస్సు వచ్చింది. భయమెరుగని బస్సుని ఎత్తేసి, పిరికి విమానాన్ని నెత్తిన పెట్టుకుంటారా?"

ఊళ్లో గోడ ఖాళీ లేకుండా అంటించాం. కాఫీ హోటల్లో జనం బిగ్గరగా చదువుకుని నవ్వుతున్నారు. చాలాకాలానికి నా కలం మళ్లీ పదునెక్కిందే!

నీ మేనత్త

*

రేవు నగరం,
డిసెంబరు.

అత్తకి,

తోక ముడిచింది నేనే.

రన్‌వే దీపాలు కనపడి తీరాల్సిన ఎత్తు ఒకటి ఉంటుంది. ఆ ఎత్తుకి దిగేసరికి దీపాలు కనపడకపోతే మళ్లీ పైకి లేవాలి. కనపడతాయేమో ఇంకాస్త దిగి చూద్దాం అనుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు దాన్ని ధైర్యమనే అనుకుని ఉంటారు. నేను ఒకసారి దిగాను, కనపడలేదు. లేచి చుట్టు తిరిగి రెండోసారి దిగాను, తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. మైకు తీసుకుని చెప్పాను: "రన్‌వే కనపడటం లేదు. వెనక్కి వెళ్తున్నాం. నిర్ణయం నాది."

ముందు సీట్లో ఉన్న ఛైర్మన్ ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి, "నేనెవరో ఆవిడకి చెప్పావా?" అని అడిగాడట. చెప్పిందట కూడా. దిగాక మెట్ల దగ్గర నిలబడి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "ఆడపిల్లలకి ఇస్తే ఇంతే, చారెడు మబ్బుకే గుండె జారుతుంది" అని పక్కవాడితో అన్నాడు, నాకు వినపడేలా. కంపెనీకి ఫిర్యాదు రాశాడు. నన్ను సంజాయిషీ అడిగారు. ఆ ఫిర్యాదుకి ఏం జత చేశారో తెలుసా? నీ కరపత్రం. నీ పేరూ మన చుట్టరికమూ వాళ్లకి తెలియవు. "ప్రజలు కూడా ఇదే అనుకుంటున్నారు" అని చూపించడానికి పెట్టారు.

ఆయన మెట్ల దగ్గర అన్నదీ నువ్వు గోడల మీద అన్నదీ ఒకటే మాట అత్తా. చారెడు మబ్బు, గుండె జారడం, అన్నీ అవే. నీ తెలుగు బాగుంది, అంతే తేడా.

కొన్నాళ్లు నాకు రాయకు.

బొంగరం

*

కొండమీది ఊరు,
డిసెంబరు.

నా బొంగరానికి,

రాయొద్దన్నావు. నా పేరే పేచీ, రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి కిందికి దిగి కరపత్రం ఇంకోసారి చదివాను. ఎంత చక్కగా రాశాను! ఛైర్మన్ లాంటివాడికి నచ్చేంత చక్కగా. మగాడు ముందుకు దూకితే వీరుడు, ఆడది ఆగితే పిరికిది, ఈ కొలబద్దని విరగ్గొట్టడానికే కదా పాతికేళ్లుగా నా చేతులకి సిరా అంటింది? నవ్వు పుట్టేసరికి అదే కొలబద్ద తీసి కొలిచాను. నడిపింది నువ్వని తెలియక కాదు తప్పు. ఎవరు నడిపినా అది తప్పే. అక్కడ నువ్వు కాక ముక్కూమొహం తెలియని మనిషి ఉన్నా, డెబ్బై ప్రాణాలు వెనక్కి తెచ్చిన మనిషిని పిరికివాడన్నాను.

నిన్న అదే సైజు అక్షరాలతో, అదే రంగు కాగితం మీద ఇది అచ్చేశాం:

"పోయినవారం ఈ గోడ మీద విమానాన్ని పిరికిదన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. దారి కనపడనప్పుడు, పక్కన పెద్దమనిషి కళ్లెర్రజేస్తున్నా, వెనక్కి తిప్పిన కెప్టెన్‌కి ఈ అచ్చుగది నమస్కారం. తప్పు రాసింది నేను, దిద్దుకుంటున్నదీ నేనే. బస్సు కోసం పోరాటం మాత్రం ఎక్కడా ఆగలేదు."

నీ పేరు రాయలేదు. నా మేనకోడలివని కూడా రాయలేదు. రాస్తే చుట్టరికం కోసం దిద్దుకుందంటారు. పాత కాగితం అంటించిన ప్రతిచోటా, సరిగ్గా దాని మీదే, నా చేత్తో నేనే అంటించాను. బంక బకెట్టు మోస్తూ కంపోజిటరు పెద్దాయన, "అమ్మా, నా జన్మలో మీ దగ్గర ఇలాంటిది చూస్తాననుకోలేదు" అన్నాడు. నోరు మూసుకుని బకెట్టు మోయమన్నాను. కాఫీ హోటలువాడు, "కొత్తదాంట్లో నవ్వొచ్చే ముక్క లేదేంటమ్మా" అన్నాడు. లేదు నాయనా, ఈసారి నవ్వు నా మీదే, కావాలంటే నవ్వుకో అన్నాను.

విచారణకి నేను బస్సులో వస్తున్నాను. నిన్నేమీ అడగను. నువ్వు రాకపోయినా నీ మీద నా గర్వం వీసమెత్తు తగ్గదు. ఒక్క మాట ఇస్తున్నాను. బస్సు నిలబడితే నీ విమానం ఎక్కుతాను. నిలబడకపోతే ఎక్కను. ఇది బెదిరింపు కాదు, మొక్కు. దేవుడు లేడని రాసేదానికి మొక్కేమిటంటావా? నీకు మొక్కుకున్నాను, ఏం చేస్తావు?

మేనత్త

*

రేవు నగరం,
పైలట్ల వసతి,
జనవరి.

పేచీ అత్తకి,

కండక్టరమ్మ నీ కొత్త కాగితం ఒకటి గోడ నుంచి జాగ్రత్తగా ఊడదీసి తెచ్చి ఇచ్చింది. వెనక బంక పెచ్చులు ఇంకా అలాగే ఉన్నాయి. దాచుకున్నాను.

నా సంజాయిషీ మీద చీఫ్ పైలట్ "సరైన నిర్ణయం" అని రాసి ఫైలు మూసేశాడు. ఇక నీకు చెప్పకుండా దాచిన సంగతి.

ఆ మంగళవారం వెనక్కి దిగాక ప్రయాణికుల్ని కంపెనీ ఏం చేసింది? డైరెక్టు బస్సు ఎక్కించింది. ఆ ఒక్కరోజే కాదు. చలికాలమంతా ఆ బస్సులో వెనక సీట్లు మా కంపెనీ కోసం అట్టిపెట్టాలని డిపోతో ఏర్పాటు ఉంది. మంచు పడిన పొద్దుల్లో, విమానం వెనక్కి వచ్చేదాకా బస్సుని డిపోలోనే ఆపుతారు కూడా. విమానం బస్సుని నమ్ముకునే ఎగురుతోంది అత్తా! కోట్లు వేసుకున్నవాళ్లు నీ కళ్ల ముందే బస్సు దిగారు. నువ్వు నవ్వుకోవడానికి వాడుకున్నావు. వాదించడానికి వాడుకోవాల్సింది.

ఇంకొకటి. ఆ రోజు నేనూ ఆ బస్సు ఎక్కాను. కెప్టెన్ ఎక్కాలని ఎక్కడా లేదు. కానీ గాల్లో చేర్చలేకపోయినవాళ్లని ఏ మొహంతో బస్సెక్కించి చెయ్యి ఊపను? మధ్య ఊళ్లో రెండు బస్సులూ ఎదురుపడే చోటు దాకా వాళ్లతో వచ్చి, అక్కడ దిగి, ఇటు వచ్చే బస్సులో తిరిగొచ్చాను. నీకు చెప్పొద్దని కండక్టరమ్మ దగ్గర మాట తీసుకున్నాను. నీ టైలరు నా పక్కనే కూర్చున్నాడు. నా యూనిఫాం చేతి కుట్టు చూసి, "ఎవడమ్మా కుట్టింది, చంక దగ్గర పట్టేస్తోంది" అన్నాడు. ఆ దారి మీదుగా ఎన్నోసార్లు ఎగిరాను. ఆ ఊళ్లలో మనుషులున్నారని తెలుసు, ఎక్కి దిగే మనుషులని ఆ రోజే చూశాను.

విచారణలో ఈ ఏర్పాటు సంగతి చెబుతాను. దొంగచాటు మాటేం కాదు, ప్రతి చలికాలం అందరి ఎదుటా జరిగేదే. నోటీసు రాసినవాళ్లు మాత్రం దాన్ని చూడలేదు, లేదా చూడదలుచుకోలేదు. చీఫ్ పైలట్‌కి ముందే చెప్పాను. "యూనిఫాం వేసుకుపోకు, కంపెనీ తరఫున అనకు. ఆపైన నిన్ను ఈ రూటు నుంచి తీసేస్తే నేను అడ్డుపడలేను" అన్నాడు. తీసేస్తే తీసేస్తారు. రూటు పోవచ్చు. మీ ఊరి మీదుగా ఎగిరే ప్రతిసారీ నీ డాబా వెతుక్కునే అలవాటు మాత్రం పోతుందని దిగులు.

నువ్వు మాత్రం అక్కడ అరవకు. నన్ను మాట్లాడనీ.

బొంగరం

*

కొండమీది ఊరు,
అచ్చుగది పైన,
జనవరి ఆఖరు.

కెప్టెన్‌గారికి,

మొన్ననే నీ గదిలో పడుకుని, నీ చేతి కాఫీ తాగి, మళ్లీ ఉత్తరమేమిటంటావు. విమానంలో నువ్వు కాక్‌పిట్ తలుపుకి అవతల ఉన్నావు. ఇవతల జరిగింది నీకు తెలియదు. అది నీకు రాయకపోతే నాకు నిద్రపట్టదు.

ముందు విచారణ గురించి ఒక్క ముక్క. నేను అరవలేదు, నీ మాట నిలబెట్టాను. పళ్లు కొరుక్కున్నందుకు దవడ ఇంకా నొప్పి పుడుతోంది. నువ్వు మామూలు బట్టల్లో లేచి నిలబడితే ఛైర్మన్ "ఈ అమ్మాయెవరు?" అన్నాడు. మెట్ల దగ్గర పైనుంచి కింది దాకా చూసినవాడికి మొహం గుర్తులేదు! విచారణాధికారి ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఇంతకీ విమానంలో ఎంతసేపమ్మా?" అని అడిగింది. నువ్వేమన్నావో ఇప్పుడు మా బస్టాండులో ప్రతివాడూ అంటున్నాడు. "మబ్బు ఒప్పుకుంటే యాభై నిమిషాలండి. ఒప్పుకోకపోతే బస్సు ఎంతో అంతే. ఆ బస్సే లేకపోతే అసలు చేరరు." నేను రెండు నెలలు కూర్చుని రాసుకున్న వాదన సంచిలోనే ఉండిపోయింది. పోనీ. కాగితం వెనక వైపు ఖాళీగానే ఉంది, పనికొస్తుంది.

సరే. నోటీసు రద్దైందన్న ఉత్తర్వు కాపీ సంచిలో పెట్టుకుని, మొక్కు చెల్లించడానికి నీ విమానం ఎక్కాను. ఈ రూటు నుంచి నిన్నింకా తీసెయ్యలేదు, అదే అదృష్టం. కిటికీ సీటు ఇప్పించావు. పైకి లేవగానే కళ్లు మూసుకున్నాను. భయం కాదు, ఆలోచిస్తున్నాను. తెరిచేసరికి మన దారి కింద సన్నగా, ఎవరో పారేసిన తాడు ముక్కలా కనపడింది. మధ్య ఊరు గుర్తుపట్టాను. నీ నీడ దాని మీదుగా పోయింది. ఆ నీడని నేను ఎన్ని తిట్లు తిట్టానో!

తర్వాత తెలుపు. కిందికి దిగావు, లేచావు. మళ్లీ దిగావు, మళ్లీ లేచావు. అప్పుడు నీ గొంతు. "రన్‌వే కనపడటం లేదు. వెనక్కి వెళ్తున్నాం. నిర్ణయం నాది."

విమానమంతా గొల్లుమంది. ఒకడికి పెళ్లిచూపులట, ఇంకొకడికి కోర్టు కేసట. నా వెనక సీట్లో ఒక దొడ్డ గొంతు, "ఎవరో ఆడ కెప్టెనట. చారెడు మబ్బు చూసి గుండె జారింది" అంది.

నా మాటలే! ఊరంతా తిరిగి నా దగ్గరికే వచ్చాయి.

సర్రున లేచాను. బెల్టు పెట్టుకున్న సంగతి మరిచాను. అది నన్ను పట్టుకుని మళ్లీ సీట్లో కుదేసింది. బతుకులో మొదటిసారి కూర్చుని పోట్లాడాను. "ఏమయ్యా, ఆ మాట నీ సొంతం కాదు, నాది. నెల కిందట నేను గోడల మీద రాశాను, తప్పని తెలిసి నా చేత్తో దాని మీద కాగితం అంటించాను. నువ్వింకా పాత కాగితమే చదువుతున్నావు. ఆ తలుపు వెనకున్నది నా మేనకోడలు. పోయినసారి ఛైర్మన్ ఉన్నా వెనక్కి తిప్పింది. ఈసారి మేనత్త ఉన్నా తిప్పింది. రేపు నువ్వు పల్లకీలో వచ్చినా తిప్పుతుంది. నీ ఇంటికి నిన్ను పీనుగులా కాక మనిషిలా చేర్చే పిల్ల అది. చేతులు జోడించు, లేదా నోరు మూసుకో. రెండూ చేస్తే ఇంకా మంచిది."

ఎయిర్‌హోస్టెస్ పిల్ల పరుగున వచ్చి, "అమ్మా, నెమ్మది" అంది. పక్కనే వంగి, "ఇంకొంచెం గట్టిగా అనండి, ముందు సీట్లవాళ్లకి వినపడలేదు" అని కూడా అంది. దాని ఉద్యోగం పోగొట్టకు, నీ కడుపులోనే పెట్టుకో.

తర్వాత సంగతి నీకు తెలిసిందే. అందర్నీ మన డైరెక్టు బస్సు ఎక్కించావు. నువ్వు మెట్టెక్కబోతుంటే నేనే దింపేశాను. నీకు సాయంత్రం ఇంకో డ్యూటీ ఉంది, వీళ్లని నేను చూసుకుంటాను అన్నాను. దొడ్డ గొంతువాడు నా పక్క సీట్లోనే పడ్డాడు. ఊరు దాటేముందు పెద్దాసుపత్రి దగ్గర టైలరు ఎక్కితే లేచి సీటు ఇచ్చాడు. ఇంకాస్త దూరం పోయాక, "మీ మేనకోడలికి నా తరఫున చెప్పండి" అన్నాడు. ఏం చెప్పమంటావంటే తల గోక్కున్నాడు. నువ్వే పూరించుకో.

సాయంత్రం బస్టాండులో దిగేసరికి సగం ఊరు అక్కడే ఉంది. నేను విమానం ఎక్కుతున్నానని కంపోజిటరు పెద్దాయన టముకు వేశాడు కాబోలు. అచ్చెయ్యని కబుర్లు మోయడంలోనూ ఆయన దిట్ట. నా సంచి అందుకుంటూ, ఆ బోర్డు వైపు చూసి కన్ను గీటి, "ఏమ్మా, మొదటిసారి విమానం ఎక్కారు కదా, ఎంతసేపు పట్టింది?" అన్నాడు. అందరూ నవ్వడానికి నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు.

"పొద్దుట్నించి సాయంత్రం దాకా పట్టింది" అన్నాను. "నా మేనకోడలు నడిపింది కదా, అందుకే చేరాను."

నీ మేనత్త